లోహారీ సడక్ మలుపు

ఆర్.కె. పురం, న్యూఢిల్లీ
9 ఆగస్టు 1993

కస్తూరికి,

ఈ చేతిరాత గుర్తుపట్టావో లేదో. నేను, రామమూర్తి అన్నయ్యని.

పదకొండేళ్ళయింది. ఉన్నది ఒకే ఊళ్ళో. నువ్వు యమునకు అవతల, నేను ఇవతల. మధ్యలో ఉన్న వంతెన దాటడానికి నాకు ఇంతకాలం పట్టింది, అదీ ఉత్తరం రూపంలో. ఆఫీసు పనిమీద ఓటర్ల జాబితాలు తిరగేస్తుంటే 'కస్తూరీ దేవి, భర్త హరిగోవింద్, వయసు 34, లోహారీ సడక్, షాదరా' అని కనిపించింది. దేవి అని వాళ్ళు తగిలించారు గానీ మిగతాదంతా నువ్వే.

ఆ రోజు నేనన్న మాటలు వెనక్కి తీసుకోలేను. టైపు స్కూలుకని వెళ్ళిన చెల్లెలు, ట్రంకుపెట్టెలు చేసేవాణ్ణి పెళ్ళాడి వచ్చి గుమ్మంలో నిలబడితే ఏ అన్నకైనా నోరు అదుపులో ఉండదు. నీకూ ఇప్పుడు ఆ వయసు వచ్చింది, అర్థం చేసుకుంటావు.

నువ్వెలా ఉన్నావు? పిల్లలా? మీ వీధి ఎలా ఉంటుంది? ఎన్ని కుటుంబాలు, సొంత ఇళ్ళా, అద్దెకున్నవాళ్ళా? రోడ్డు మీద రద్దీ ఏ వేళ ఎక్కువ? అన్నీ వివరంగా రాయి. నువ్వు బతుకుతున్న చోటు నాకు కళ్ళకు కట్టాలి.

జవాబు ఇంటికి రాయవద్దు. మీ అనసూయ వదిన సంగతి నీకు తెలియంది కాదు. ఆఫీసు చిరునామా కింద ఇస్తున్నాను. కవరు మీద 'స్వంతం' అని రాయి.

అన్నయ్య

*

లోహారీ సడక్, షాదరా
22 ఆగస్టు 1993

అన్నయ్యా,

పోస్ట్‌మ్యాన్ వచ్చేసరికి రేకు ఒక అంచు మా ఆయన, రెండో అంచు నేను పట్టుకుని ఉన్నాం. కవరు మీద అక్షరాలు చూసి నా అంచు వదిలేశాను. ఆయన బొటనవేలు తెగింది. "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. కాదు, ఒకరు తిరిగొచ్చారు అన్నాను.

తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో. ఒక్కో అక్షరం దగ్గర చెయ్యి హిందీ వైపు పోతోంది. తప్పులుంటే నవ్వకు.

మాకు ఒక్కతే కూతురు, మీనూ. తొమ్మిదేళ్ళు. నేను తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెబుతుంది. "మామయ్య ఉత్తరం రాశాడే" అంటే, "కౌన్ మామా?" అంది, ఏ మామయ్య అని. వాళ్ళ నాన్న పడీపడీ నవ్వాడు.

వీధి గురించి అడిగావు. పొద్దున్న ఏడింటికి సుత్తుల మోత మొదలవుతుంది. మా వైపంతా ట్రంకులు, బకెట్లు, కూలర్ పెట్టెలు చేసేవాళ్ళం. కింద పని, పైన కాపురం. ఎదురువైపు సేఠ్ గిర్‌ధారీలాల్ చలువరాతి గోదాములు. మధ్యలో ఉన్నదాన్ని రోడ్డనాలంటే నాకే సిగ్గు. బస్సులు, గుర్రపుబండ్లు, రిక్షాలు, తోపుడుబళ్ళు అన్నీ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. ఎదురుగా కనిపించే మందుల దుకాణానికి వెళ్ళిరావడానికి అరగంట. పోయినేడు ఒక పిల్ల ఆసుపత్రికి వెళుతూ మా గుమ్మం ముందే రిక్షాలో ప్రసవించింది. అటు కదలదు, ఇటు కదలదు. పక్క గదిలో ఉండే రామ్‌కలీ మౌసీ, నేను చీరలు అడ్డం పట్టాం. మౌసీ ఒంటరి మనిషి, బట్టలు ఇస్త్రీ చేసి బతుకుతుంది. బొడ్డు కోసింది ఆవిడే.

అన్నీ రాశాను. నువ్వు మాత్రం అమ్మ గురించి ఒక్క ముక్క రాయలేదు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, ఎక్కడైనా వదిలేశానేమోనని. అమ్మ ఎలా ఉంది? నన్ను ఎప్పుడైనా తలుస్తుందా? ఆ ఒక్కటి రాయి, చాలు.

కస్తూరి

*

ఆర్.కె. పురం
14 సెప్టెంబరు 1993

చెల్లీ,

అమ్మ బాగానే ఉంది. మోకాళ్ళ నొప్పులు తప్ప ఇంకేమీ లేవు. నీ ఉత్తరం చదివి వినిపించాను. రిక్షాలో కాన్పు దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది. నీకిక వేరే చెప్పాలా?

ఆ కాన్పు సంగతే నన్నూ కలచివేసింది. ఎందుకో చెబుతాను. మా విభాగం మీ రోడ్డు మీదుగా ఒక కొత్త రైలుమార్గం ఆలోచిస్తోంది. పెద్ద రైలు కాదు, తేలికపాటి రైలు. పాతకాలపు ట్రాము కంటే వేగం. రోడ్డు మధ్యన రెండు పట్టాలు, పైన కరెంటు తీగ, రెండు మూడు పెట్టెలు, ఐదు నిమిషాలకొక బండి. షాదరా నుంచి నది దాటి ఇవతలికి ఇరవై నిమిషాలు. ఆ డ్రాయింగు గీస్తున్నది నేను. ఇక ఏ ఆడపిల్లకూ నడిరోడ్డున కనే పని ఉండదు.

చిక్కల్లా మీవాళ్ళతోనే. మా సర్వే బృందాన్ని రెండుసార్లు తరిమారు. కొలిచే టేపు లాక్కుని రేకు కత్తెరతో ముక్కలు చేశారు. బయటివాడికి ఎవరూ నిజం చెప్పరు. నీకయితే చెబుతారు. ఇంటింటికీ వెళ్ళి రాసుకో: ఇంటి పెద్ద పేరు, ఎందరున్నారు, రేషన్ కార్డు ఏ సంవత్సరానిది, స్థలానికి రిజిస్ట్రీ ఉందా లేక ఉత్త స్వాధీనమేనా. వాళ్ళు నోటితో చెప్పేది కాదు, కాగితం మీద ఏముంటే అదే రాయి. అది ముఖ్యం.

భయపడకు. మీ దగ్గర రోడ్డు ఇరుకు, నిజమే. ఒక పక్కన తొమ్మిది మీటర్లు తీసుకోవాలి. ఆ తొమ్మిదీ గోదాముల వైపే. అటు కాపురాలు లేవు. మీ వైపు గోడకు గీత కూడా పడదు. మరి మీ వివరాలెందుకంటావా? రేపు ఆ రైలెక్కేది మీరే కదా.

పని అయ్యాక అమ్మను చూద్దువుగాని. వదినకు నేను నచ్చజెబుతాను.

అన్నయ్య

*

లోహారీ సడక్
20 నవంబరు 1993

అన్నయ్యా,

పెళ్ళిళ్ళ కాలం. ట్రంకులకు గిరాకీ ఎక్కువ. పొద్దున్న ఆయనతో పని, మధ్యాహ్నం నీ పని. రెండు నెలల్లో వీధంతా తిరిగాను. నూట నలభై మూడు ఇళ్ళు.

ఒక సంగతి చెబితే నవ్వుతావు. పదకొండేళ్ళుగా నేను ఈ వీధికి 'మద్రాసిన్'ని. వెనకా ముందూ ఎవరూ లేని మనిషిని. మొదటి గుమ్మంలో నిలబడి, "మా భయ్యా ఇంజినీరు, రైలు వేసేది ఆయనే" అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ మాట అనడం కోసమే మరో నాలుగు వీధులు తిరగమన్నా తిరుగుతాను. అందరూ కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఎవరికీ చూపించని కాగితాలు పెట్టెల అడుగు నుంచి తీసి నా చేతిలో పెట్టారు. "నీ భయ్యా ఉన్నాడుగా, మాకేం భయం" అన్నారు.

రామ్‌కలీ మౌసీ దగ్గర మాత్రం కలం ఆగింది. ఆవిడ ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు. పాత కార్డు వానకు నాని ముద్దయిపోతే కొత్తది చేయించుకుంది. దాని మీద 1991 అని ఉంది. ఇరవై ఏళ్ళని రాయనా, కాగితం మీదున్నది రాయనా అని ఆలోచించాను. నువ్వు కాగితమే అన్నావు కనుక అదే రాశాను. ఇలాంటివి యాభై పైనే ఉన్నాయి. ఏం ఫరవాలేదుగా?

మీనూ నోటుపుస్తకం ఖాళీ పేజీల్లో రాసి పంపుతున్నాను. అమ్మ మందుల కోసం ఆయన చిన్న పెట్టె చేశాడు. నీలం రంగు. ఎప్పుడు తీసుకురమ్మంటావు?

కస్తూరి

*

ఆర్.కె. పురం
17 జనవరి 1994

చెల్లీ,

నీ జాబితా టైపు చేయించి ఫైలులో పెట్టాను. ఇంత శుభ్రమైన సర్వే మావాళ్ళు మూడేళ్ళలో ఒక్కటీ చేయలేదని డైరెక్టరుగారు మీటింగులో అందరి ముందూ అన్నారు. ఎవరు చేశారని అడిగితే, మనవాళ్ళే అన్నాను.

అమ్మకు ఈ చలికి దగ్గు పట్టుకుంది. కదిలించే పరిస్థితి కాదు. పెట్టె సంగతి చెబితే నవ్వింది. చలి తగ్గనీ.

దీనితో ఒక కాగితం జతచేశాను. ఇంగ్లీషులో ఉంది. 'ప్రజోపయోగమైన ఈ మార్గానికి మాకు అభ్యంతరం లేదు' అని. అంతే. ఇంటికొక సంతకం, లేదా వేలిముద్ర. ఫిబ్రవరి నెలాఖరుకు నాకు చేరాలి.

అన్నయ్య

*

లోహారీ సడక్
26 మార్చి 1994

అన్నయ్యా,

సంతకాలు పోయిన నెలే పంపాను. అందినట్టు కూడా నువ్వు రాయలేదు. ఈలోగా ఇది జరిగింది.

మంగళవారం పొద్దున్న ఎర్రరంగు డబ్బాలతో ఆరుగురు వచ్చారు, వెంట పోలీసులు. గోడల మీద నంబర్లు వేసుకుంటూ పోయారు. మా వైపు, అన్నయ్యా. ఒకటి నుంచి నూట నలభై మూడు దాకా. నేను నీకు ఏ వరసలో రాశానో అదే వరసలో. గిర్‌ధారీలాల్ గోదాముల మీద ఒక్క చుక్క పడలేదు. సేఠ్ అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, రంగు వేసేవాళ్ళకు లస్సీ పంపించాడు.

"పొరపాటు జరిగింది, అటు వేయాలి" అని నేను వాళ్ళతో వచ్చిన ఆఫీసరుతో అన్నాను. ఆయన తన చేతిలో కాగితం చూసి, "కస్తూరీ దేవి అంటే మీరేనా? బహుత్ అచ్ఛా కామ్ కియా ఆప్‌నే" అన్నాడు. చాలా మంచి పని చేశారని. నా చుట్టూ నిలబడ్డవాళ్ళంతా విన్నారు.

ఆ రోజు ఈయన అన్నం ముందు కూర్చుని ఒకే మాట అడిగాడు. "ఆ గీత గీసే పెన్సిలు నీ భయ్యా చేతిలో ఉందా, సేఠ్ చేతిలో ఉందా?"

"మా అన్నయ్య అలాంటివాడు కాదు" అన్నాను.

"పదకొండేళ్ళు రానివాడు ఎలాంటివాడో నీకెలా తెలుసు?" అన్నాడు.

జవాబు రాయి. వీధివాళ్ళకు నేను ఏం చెప్పాలో అదైనా రాయి.

కస్తూరి

*

ఆర్.కె. పురం
19 ఏప్రిల్ 1994

కస్తూరికి,

ఆవేశపడకుండా చదువు. రైలు రోడ్డులా ఎక్కడబడితే అక్కడ తిరగదు. మలుపుకు ఇంత వంపు ఉండాలని లెక్క ఉంటుంది. మీ రోడ్డు చివర వచ్చే మలుపు గోదాముల వైపు నుంచి తీస్తే వంపు చాలదు. పైగా అటువైపు భూమిలో పెద్ద మురుగు గొట్టం ఉంది. ఇవన్నీ సాంకేతిక కారణాలు. నీకు అర్థం కావు.

సేఠ్ గురించి ఎవరేమన్నా పట్టించుకోకు. పైనుంచి ఒక సవరణ వచ్చింది. దాని మీద సంతకం నాది, నిర్ణయం నాది కాదు. సంతకం పెట్టనంటే ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుని పెడతాడు. అప్పుడు నీకు ఈమాత్రం చెప్పేవాడు కూడా ఉండడు.

నీకు నష్టం లేదు. మీ కార్డు 1984 నాటిది. తొంభై జనవరికి ముందు కార్డులున్నవాళ్ళకు నరేలా అవతల స్థలం ఇస్తారు. నోటీసులు జూన్ నెలాఖరుకు. అప్పటిదాకా ఈ సంగతి ఎవరికీ, ముఖ్యంగా ఆ ఇస్త్రీ ముసలమ్మకు, చెప్పవద్దు. గొడవలైతే పోలీసులు నీ పేరే మొదట అడుగుతారు. సంతకాలు తెచ్చింది నువ్వు.

అమ్మ నీకు ధైర్యం చెప్పమంది.

అన్నయ్య

*

లోహారీ సడక్
11 మే 1994

రామమూర్తి గారికి,

నిన్న మీ ఇంటికి వచ్చాను. అమ్మ ధైర్యం చెప్పమన్నదని రాశారు కదా, ఆ ధైర్యమేదో ఆవిడ నోటితోనే విందామని.

మూడు బస్సులు మారి, మీ సెక్టారు వెతుక్కుని, నీలం పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. అనసూయ వదిన తలుపు తీసింది. నన్ను గుర్తుపట్టడానికి ఆవిడకు కొంచెంసేపు పట్టింది.

"అమ్మను చూసి వెళ్ళిపోతాను వదినా, లోపలికి కూడా రాను. ఇక్కడికి పిలిచినా చాలు" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది, పెట్టె చూసింది.

"ఎవర్ని పిలవమంటావు?" అంది. "అత్తయ్య పోయి మూడేళ్ళు దాటింది కదమ్మా. తొంభై ఒకటి ఫిబ్రవరిలో. నీకు తెలియదూ?"

"అన్నయ్య ఉత్తరాలు చదివి వినిపిస్తున్నాడే" అన్నాను. ఎంత పిచ్చిమాటో అన్నాక తెలిసింది.

"ఉత్తరాలా? మీ అన్నయ్యా?" అంది వదిన. తర్వాత గోడకు ఆనుకుంది. "ఓహో. ఆ షాదరా ఫైలు అంత తొందరగా ఎలా అయిందా అనుకున్నాను."

ఆవిడే పక్కకు తప్పుకుంటే లోపలి గోడ మీద ఫోటో కనిపించింది. దండ వేసి ఉంది. ప్లాస్టిక్ దండ. వదిన మంచినీళ్ళు తెచ్చింది. తాగాను. మీరు నాకు శత్రువని చెప్పిన మనిషి మీ ఇంట్లో నాకు నీళ్ళిచ్చింది.

నాకు ఇప్పుడు రైలు గురించి ఏమీ అక్కరలేదు. అమ్మ పోయేటప్పుడు నన్ను అడిగిందా, లేదా? నేను గంటన్నర దూరంలో ఉన్నాను. నిజం రాయండి. మీకు వచ్చినంతలో.

కస్తూరి

*

ఆర్.కె. పురం
2 జూన్ 1994

కస్తూరికి,

నిజం అడిగావు. రాస్తున్నాను. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

అమ్మ నిన్ను అడిగింది. మూడు రోజులు అడిగింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన ప్రతిసారీ "కస్తూరి వచ్చిందా?" అనేది. నీకు కబురు పంపానని చెప్పాను. పంపలేదు. మూడో రోజు, "కబురు అందింది, రానని చెప్పింది" అన్నాను. ఆ తర్వాత అడగలేదు. మర్నాడు పోయింది.

ఎందుకలా చేశానంటే, ఇంటినిండా చుట్టాలున్నారు. నువ్వు ఆ మనిషిని వెంటేసుకుని వస్తే వాళ్ళ ముందు నేను తలెత్తుకోలేను. అంతకంటే కారణం లేదు.

ఇక ఉత్తరాల్లో అమ్మ సంగతి. నువ్వే అడిగావు. పోయిందని రాస్తే నువ్వు ఏడుస్తూ కూర్చునేదానివి, జాబితా వచ్చేది కాదు. పని ఆగకూడదనుకున్నాను. ఆ రైలు వేలమందికి మేలు చేసేది. ఒకరిద్దరి బాధ లెక్కలోకి తీసుకుంటే ఊళ్ళో ఏ రోడ్డూ పడదు.

నీ జాబితా ప్రకారం ఎనభై రెండు ఇళ్ళకు స్థలాలు వస్తాయి. అరవై ఒకటికి ఏమీ రాదు. నోటీసులు ఇరవయ్యో తేదీన అంటిస్తారు. పదిహేను రోజుల గడువు. ముందే సామాను సర్దుకుంటే నీకే మంచిది. అన్నగా అది చెప్పడం నా బాధ్యత.

రామమూర్తి

*

ఆర్.కె. పురం
24 సెప్టెంబరు 1995

చెల్లీ,

పోయిన సంవత్సరం జూన్ తర్వాత నేను రాసిన మూడు ఉత్తరాలూ తిరిగొచ్చాయి, 'ఈ చిరునామాలో ఇల్లు లేదు' అని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. స్థలాల కేటాయింపు రిజిస్టరు తెప్పించుకుని చూస్తే నీ పేరు, బ్లాకు దొరికాయి.

పోయిన వారం లోహారీ సడక్ వెళ్ళాను. మొదటిసారి. డ్రాయింగు మీద ప్రతి అంగుళం తెలిసిన రోడ్డులో కాలు పెట్టడం అదే. మీ వైపంతా చదును. అక్కడ ప్రైవేటు బస్సులు నిలుపుతున్నారు, గిర్‌ధారీలాల్ లారీలు కూడా. రోడ్డు మీద రద్దీ ఎప్పటిలాగే ఉంది.

ఎలాగూ నీకు తెలుస్తుంది గనక నేనే చెబుతున్నాను. తేలిక రైలు ఆలోచన మానుకున్నారు. ఆ రోడ్డుకు అది చాలదట, పెద్ద రైలే కావాలట, అదీ వేరే దారిన. కొత్త కమిటీ వచ్చి మా నివేదికను రెండు గంటల్లో పక్కన పెట్టింది. ఫైలు మీద 'మూసివేయడమైనది' అని రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

వదిన నాతో మాట్లాడి ఏడాదిన్నరయింది. నువ్వు వచ్చి వెళ్ళిన రోజు నుంచి. వంట చేస్తుంది, పెడుతుంది, మాట మాత్రం లేదు. ఇంట్లో నా గొంతు నేనే వింటున్నాను. కస్తూరీ, నాకు ఈ ఊళ్ళో రక్తసంబంధం అంటూ ఉన్నది నువ్వొక్కతివే. క్షమించమని అడగను. ఒక్కసారి చూడాలని ఉంది. బావగారిని, మీనూని కూడా. అక్టోబరు పదిహేను ఆదివారం. పొద్దున్న పది గంటల బస్సుకు వస్తాను. నీకు కావలసినవి ఏమైనా ఉంటే రాయి, తెస్తాను.

అన్నయ్య

*

సి బ్లాకు, పునరావాస కాలనీ, నరేలా అవతల
3 అక్టోబరు 1995

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. నువ్వు రావడానికి ముందే ఇది నీకు చేరాలని వెంటనే రాస్తున్నాను.

మొదట, నీ రిజిస్టరులో ఉండని సంగతులు. పోయినేడు జులై ఆరున పొద్దున్న ఎనిమిదింటికి యంత్రాలు వచ్చాయి. మీనూ స్కూలుకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు. నోటుపుస్తకాలు వెతుక్కుంటూ ఇటుకల మీద తిరిగింది.

రామ్‌కలీ మౌసీ గది ఎనభై ఎనిమిదో నంబరు. వాళ్ళు బయటికి రమ్మంటే, ఇంకా నాలుగు చొక్కాలున్నాయి, ఇస్త్రీ చేసి వస్తానంది. ఇద్దరు ఆడపోలీసులు రెక్కలు పట్టి తెచ్చారు. స్థలాల చీటీలు పంచేచోట ఆవిడ పేరు లేదు. నా దగ్గరికి వచ్చి, "నా పేరు పక్కన ఏం రాశావు బేటీ?" అని అడిగింది. తొంభై ఒకటి అని రాశాను మౌసీ అన్నాను. "సచ్ హీ తో లిఖా" అంది. నిజమే కదా రాశావు అని. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఆ చలికాలం పాత వంతెన కింద పోయిందని తర్వాత తెలిసింది.

చీటీలు రాని ఇళ్ళ మగవాళ్ళు ఆ సాయంత్రమే ఈయన్ని పట్టుకున్నారు. కుడిచెయ్యి దిమ్మ మీద పెట్టి, ఆయన సుత్తితోనే కొట్టారు. మూడు వేళ్ళు పోయాయి. రేకు పట్టుకోగలడు గానీ కోయలేడు. కొట్టినవాళ్ళెవరో ఆయనకు తెలుసు. పోలీసులకు చెప్పలేదు. "వాళ్ళ చోట నేనుంటే నేనూ కొట్టేవాణ్ణే" అన్నాడు. నన్ను ఈనాటి వరకు ఒక్క మాట అనలేదు. వదిన మాట్లాడటం లేదని నువ్వు రాశావు. మా ఇంట్లో ఈయన అన్నీ మాట్లాడతాడు, ఆ ఒక్కటి తప్ప. ఏది బరువో నేను చెప్పలేను.

ఇక్కడికి వచ్చిన ఎనభై రెండు ఇళ్ళూ లోహారీ సడక్‌వే. అంటే నన్ను ఎరిగినవే. సి బ్లాకుకంతా ఒకే చేతిపంపు. నేను బిందె పెడితే కాలితో తన్నేవారు. 'జాసూస్' అనేవారు, గూఢచారి అని. మీనూని ఎవరూ ఆటకు రానిచ్చేవారు కాదు. ఎనిమిది నెలలు రైల్వేలైను అవతల గుంటలోంచి నీళ్ళు మోసుకున్నాను. ఆ నీళ్ళకు మీనూకి కామెర్లు వచ్చాయి.

మార్చిలో ఒకరోజు, జ్వరంతో ఉన్న పిల్లను చంకనేసుకుని పంపు దగ్గరికి వెళ్ళాను. వాళ్ళలో పెద్దావిడ, "ఏం, నీ భయ్యా మళ్ళీ వస్తాడా, ఇక్కడా కొలుస్తాడా?" అంది. అందరూ నవ్వారు.

"రాడు. చనిపోయాడు" అన్నాను.

ఎలా వచ్చిందో తెలియదు ఆ మాట. నవ్వు ఆగిపోయింది. ఎలా పోయాడని అడిగారు. బస్సు కింద పడ్డాడని చెప్పాను. ఢిల్లీలో ఎవరూ రెండో ప్రశ్న వేయని చావు అదొక్కటే. పెద్దావిడ నన్నే చూస్తూ కొంచెంసేపు నిలబడి, నా చేతిలో బిందె తీసుకుని తనే పంపు కొట్టి నింపింది.

మర్నాడు పదిమంది ఆడవాళ్ళు వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. నా పొయ్యి వెలిగించనివ్వలేదు. రొట్టెలు వాళ్ళే చేసి తెచ్చారు. ఏడుపు నటించాలి కదా అని తల వంచుకున్నాను. ఆ తర్వాత నాకు తెలియదు అన్నయ్యా, నటనకు మొదలుపెట్టింది నిజంగానే పొంగుకొచ్చింది. అమ్మకోసం ఏడవని ఏడుపు, మౌసీ కోసం ఏడవని ఏడుపు, నీ మొదటి ఉత్తరం అందిన రోజు నాకు కలిగిన సంతోషం, అంతా. నా వీపు నిమిరినవాళ్ళలో ఈయన చెయ్యి విరగ్గొట్టినవాడి భార్య కూడా ఉంది.

వీళ్ళ పద్ధతిలో పదమూడో రోజు భోజనం పెట్టాలి. కడీ అంటే మన మజ్జిగ పులుసులాంటిది, అదీ అన్నం వండాను. ఈయన ఎడమచేత్తో వడ్డించాడు. ఇరవై ఇళ్ళవాళ్ళు వచ్చి తిన్నారు. వెళ్ళేటప్పుడు పెద్దావిడ, "పోయినవాళ్ళ తప్పులు పోయినవాళ్ళతోనే పోవాలి, బేటీ" అంది. ఆ రోజు నుంచి నాకు పంపు దగ్గర వరస ఉంది. మీనూకి స్నేహితులున్నారు. ఇప్పుడు దాని ఒళ్ళు కుదుటపడింది.

కనుక నువ్వు రావద్దు. పది గంటల బస్సు దిగి నా ఇల్లు ఎక్కడని నువ్వు అడిగేది వీళ్ళనే. నువ్వెవరని వాళ్ళు అడుగుతారు. నిన్ను చూసిన మరుక్షణం నాకు నీళ్ళుండవు.

ఏమైనా తెస్తానన్నావు. ఏమీ వద్దు. ఉత్తరాలు కూడా వద్దు. ఇక్కడి పోస్ట్‌మ్యాన్‌కు నీ పేరు చదవడం వచ్చు. ఇది కూడా ఇక్కడ వేయడం లేదు, బస్సెక్కి కశ్మీరీ గేటు వెళ్ళి వేస్తున్నాను.

వదినకు ఒక్క మాట చెప్పు. ఇకముందు నీకేదైనా జరిగితే నాకు కబురు పంపే శ్రమ పడవద్దని. నా వంతు ఏడుపు అయిపోయింది.

కస్తూరి